నా కాళ్ళలో ఆయన కాళ్ళు

ఆయన అక్కడ క్లచ్ తొక్కినప్పుడల్లా ఇక్కడ నా కుట్టు వంకర పోయేది.

అక్కడ అంటే బస్సు డిపోలో. ఇక్కడ అంటే గుంటూరు నల్లచెరువులో మా ఇంటి ముందు గదిలో, కుట్టుమిషను దగ్గర. జాకెట్లు కుట్టే సామ్రాజ్యం అంటే మా వీధిలో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. నా కుట్టుకు వంక పెట్టిన మనిషి ఇంతవరకూ లేదు. అట్లాంటిది ఆ వేసవిలో ఒక పెళ్ళివారి పట్టు జాకెట్టుకు చంక దగ్గర కుట్టు అడ్డదిడ్డంగా పోయింది. "ఏంది సామ్రాజ్యం, చత్వారం వచ్చిందా?" అని పెళ్ళికూతురి తల్లి మొహం మీదే అడిగింది. కళ్ళు బాగానే ఉన్నాయి, కాళ్ళే నావి కావు అని ఆవిడకు ఎట్లా చెప్పను? కుట్టు విప్పి మళ్ళీ వేసిచ్చాను.

మా ఆయన పేరు బసవపున్నయ్య. మాచర్ల రూటు డ్రైవరు. ఆయనకు షుగరు వచ్చి పధ్నాలుగేళ్ళు. బ్రేకు ఎంత దిగిందో డ్రైవరుకు పాదమే చెప్పాలి. ఆయన పాదం మెల్లమెల్లగా చెప్పడం మానేసింది. మొదట్లో చీమలు పాకుతున్నట్టుందన్నాడు. తర్వాత దూది మీద నడుస్తున్నట్టుందన్నాడు. ఆ తర్వాత ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే తగ్గిందనుకున్నాం.

ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి బూటు విప్పితే సాక్సు నిండా నెత్తురు. బూటు అడుగులోంచి మేకు ఒకటి లోపలికి దిగి ఉంది. పొద్దుటి నుంచి ఆ మేకు మీదే బ్రేకు తొక్కాడు. నెత్తురు చూసి కళ్ళు తిరిగి గుమ్మంలోనే పడ్డాడు గానీ, నొప్పి మాత్రం లేదన్నాడు. ఆయనకు మొదటినుంచీ అంతే, ఘాటు రోడ్డులో బస్సును ఒంటిచేత్తో తిప్పుతాడు, సూది చూస్తే చెమటలు పోస్తాయి. కుడికాలి చిటికెన వేలు తీసేశారు. డిపోలో ఇక రూటు మీదికి పంపలేమన్నారు. ఆవరణలో బస్సుల్ని కడిగే చోటికి తెచ్చిపెట్టే పని ఇచ్చారు. వేలు పోయినందుకు ఏడవని మనిషి, రూటు పోయినందుకు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మిగిలిన పాదం కూడా అదే దారి పడితే ఈ పని కూడా ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

డాక్టర్ రెహానా గారి పరిశోధన కేంద్రానికి మేం వెళ్ళింది అందుకే.

ఆవిడ గుంటూరు మనిషే. మాట వేగం, నడక వేగం. ఆయన అరికాలిని ఒళ్ళో పెట్టుకున్నంత దగ్గరగా పట్టుకుని చూసి నాతో చెప్పింది. "చూడమ్మా, షుగరు నరాన్ని సగమే చంపుద్ది. మిగతా సగం, పిలిస్తే ఎవరూ పలకడం లేదని ఎండిపోద్ది. ఈయన పాదం ఇంకా సన్నగా పిలుస్తానే ఉంది. ఈయనకే వినపడట్లేదు. ఆ పిలుపు మీ కాళ్ళకు వినిపిస్తాం. మీ ఒళ్ళు పలికితే ఆ జవాబు మళ్ళీ ఆయన పాదానికి పంపిస్తాం. అట్టా పని చెప్తా ఉంటే నరం మళ్ళీ లేస్తది."

"ఎన్నాళ్ళు పలకాలి?" అన్నాను.

"మూడు నెలలు."

దాని పేరు జంటపట్టీ. బూడిద రంగు రబ్బరు పట్టీలు, ఆయన చీలమండలకు రెండు, నా చీలమండలకు రెండు. వాటిని కట్టే కుర్రవాడు విక్టర్ బాబు నా వెండి పట్టీలు తీసెయ్యమన్నాడు. తీశాను. తర్వాత మెట్టెల వంక చూశాడు. నేను అతని వంక చూశాను. "అవి ఉండనీయండి ఆంటీ, వాటితో మనకు పన్లేదు," అన్నాడు.

ఆయన్ని పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. నేను ఇవతల కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి ఎవరో నా అరికాలి మీద ఈకతో గీసినట్టయింది. కింద ఎవరూ లేరు. నాకు నవ్వు ఆగలేదు. తర్వాత చల్లగా తగిలింది, మంచుగడ్డ కాబోలు. ఆ తర్వాత ఒక్కసారిగా చుర్రుమంటే కెవ్వుమని కాళ్ళు పైకి లాక్కున్నాను. తలుపు తోసుకుని వెళ్ళి చూస్తే ఆయన స్టీలు గిన్నెలో కాలు పెట్టుకుని గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. గిన్నెలోంచి ఆవిరి వస్తోంది.

"ఏందే అట్టా అరిచావు?"

"కాలు తియ్యవయ్యా, కాలుతోంది!"

ఆయన కిందికి చూసి కాలు తీశాడు. తర్వాత నా కాళ్ళ వంక చాలాసేపు చూశాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు, అంతసేపు ఎప్పుడూ చూడలేదు.

అక్కడ మాతో కలిపి జంటలు పన్నెండు. షుగరు ఉన్నవాళ్ళలో ఆడా మగా అందరూ ఉన్నారు. వాళ్ళ పిలుపు అందుకునేవాళ్ళం మాత్రం అందరం ఆడవాళ్ళమే. భార్యలు, కోడళ్ళు, ఒక మేనకోడలు. ఒక పెద్దావిడకు షుగరైతే ఆవిడ మొగుడు రాలేదు, చెల్లెలు వచ్చింది. "మగాళ్ళకు పనులుంటాయి గదా," అంది ఆ చెల్లెలు, ఎవరూ అడక్కుండానే. షుగరు ఉన్నవాళ్ళకు రక్తం తీశారు, ఫొటోలు తీశారు, ఒకటికి పది పరీక్షలు చేశారు. మమ్మల్ని ఒకటే అడిగారు, మీకు షుగరుందా అని. లేదన్నాం. ఎప్పుడైనా చూపించుకున్నారా అని ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెప్తాం? జబ్బు చేసినవాళ్ళు కదా చూపించుకునేది.

అట్లా ఆయన కాళ్ళు మా ఇంటికి, నా కాళ్ళలోకి వచ్చాయి.

మొదటి వారం మిషను తొక్కలేకపోయాను. డిపోలో ఆయన ఒక బస్సు కదిలిస్తే ఇక్కడ నా పాదం దానంతట అదే కిందికి దిగేది. తర్వాత అలవాటైంది. ఆయన తడి సిమెంటు మీద ఉన్నాడా, ఎండకు కాగిన తారు మీద ఉన్నాడా, టీ కొట్టు ముందు కంకర మీద నిలబడ్డాడా, అన్నీ తెలిసేవి. టీ కొట్టు కంకర తెలియగానే ఫోను చేసేదాన్ని. "చక్కెర వెయ్యొద్దని చెప్పు." ఆయన అవతల ఖంగు తినేవాడు. ఇంకోసారి చేసి, "ఎడమ చెప్పులో రాయి పడింది, దులుపు," అనేదాన్ని. పున్నయ్య కాళ్ళు ఇంటికాడ పెట్టొస్తాడని డిపోలో వేళాకోళం మొదలైంది. ఆయనకు కోపం రాలేదు. నవ్వాడట కూడా. ఎన్నాళ్ళకో నవ్వాడు కదా అని నాకూ సంతోషం వేసింది.

పట్టీతో పాటు రక్తం చూసే చిన్న మీటరు కూడా ఇచ్చారు. రోజూ పొద్దున్నే వేలు గుచ్చి చుక్క పెడితే ఆ అంకె ఫోనులోంచి నేరుగా రెహానా గారికి వెళ్ళేది. మొదటిరోజు ఆయన సూది పట్టుకుని కూర్చున్నాడు. చెమట పట్టింది, పెదాలు తెల్లబడ్డాయి. నేను పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్నాను.

"సామ్రాజ్యం, నీ వేలియ్యవే."

"నాదెందుకయ్యా? నీది గదా చూడమంది."

"పట్టీ ఉందిగా. నా కాళ్ళు నీకు తెలుస్తన్నప్పుడు నా రక్తం తెలవదా? ఇద్దరికీ ఒకటే గదా ఇప్పుడు."

అది విని మీరు నవ్వుతారేమో. అప్పుడు మాకు సబబుగానే తోచింది. మూడు మైళ్ళ అవతలి సిమెంటు తడి నా పాదానికి తెలుస్తున్నప్పుడు, ఒంట్లోకి ఆయన షుగరు రావడం ఏమంత పెద్ద సంగతి? గరిటె కుడిచేతిలో పట్టుకుని ఎడమచేతి వేలు చాచాను. ఆయన మొహం పక్కకు తిప్పుకుని గుచ్చాడు. మీటరులో రెండొందల పదకొండు పడింది.

"చూశావా, నాదే," అన్నాడు. "నీదైతే ఇంత ఎందుకుంటది?"

అంకె చూశాక నాకూ అనుమానం పోయింది. నాకు షుగరేంది? ఆ రోజు నుంచి పొద్దున్నే నేను వేలు చాచడం, ఆయన గుచ్చడం, పళ్ళు తోముకున్నంత మామూలైంది.

నెల తిరిగేసరికి సాయంత్రాలు కాళ్ళ మంటలు మొదలయ్యాయి. పొయ్యి పక్కన పెట్టినట్టు అరికాళ్ళు రెండూ భగభగలాడేవి. తడిగుడ్డ చుట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన ఎదురుగా కూర్చుని నొచ్చుకునేవాడు. "నా మంట నీకంటుకుందే, పాపం." నిజంగానే బాధపడేవాడు. ఆయన ముందు నేను మంటగా ఉందనడం తగ్గించాను. దాహం ఎక్కువైంది, వేసవి కదా అనుకున్నాను. నీరసంగా ఉండేది, రెండు జతల కాళ్ళు మోస్తున్నా కదా అనుకున్నాను. ఆ రోజుల్లో నా ఒంట్లో ఏం జరిగినా దానికి ఆయన పేరే పెట్టాం.

మా అమ్మాయి భువన డిగ్రీ చివరి ఏడు. దానికి మాత్రం నచ్చలేదు. "అమ్మా, నువ్వూ ఒకసారి టెస్టు చేయించుకోరాదా?" అంది.

"రోజూ గుచ్చేది నా వేలేగా," అన్నాను.

అదేం మాట అన్నట్టు చూసింది గానీ, బస్సు టైమైంది, వెళ్ళిపోయింది.

రెండో నెల చివర పరీక్షకు వెళ్ళాం. విక్టర్ ఇనుప చువ్వలాంటి దాన్ని మోగించి ఆయన బొటనవేలి ఎముక మీద ఆనించాడు. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"జుమ్మంటందయ్యా!"

"పట్టీ ఆపేసి ఉంది అంకుల్. ఇది మీదే."

ఆయన విక్టర్ చెయ్యి పట్టుకున్నాడు, మళ్ళీ పెట్టమన్నాడు, మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. రెహానా గారు ఫోనులో అంకెలు చూస్తూ గదిలో అటూ ఇటూ తిరిగింది. షుగరు రెండొందల ఎనభైకి ఎక్కింది, నరం మాత్రం లేచి కూర్చుంది. షుగరు తగ్గకుండా నరం బాగుపడటం ఇంతవరకూ ఎవరూ చూడలేదని, ఈ సంగతి బయటికి చెబితే ఎన్ని లక్షల కాళ్ళు నిలబడతాయో అని ఆవిడ అంది. ఆవిడ తండ్రికి రెండు కాళ్ళూ తీసేశారట, అప్పుడు చెప్పింది. ఆవిడ సంతోషం చూసి నాకు కడుపు నిండినట్టయింది. నా వల్ల కూడా ఒక గొప్ప పని జరిగిందనుకున్నాను.

అంకెలు మరీ ఎక్కువున్నాయని ఆయనకు మాత్రలు రెండింతలు చేసింది.

ఆ తర్వాతి గురువారం మధ్యాహ్నం నేను జాకెట్టు చేతులు కుడుతున్నాను. ఆయన పాదం క్లచ్ మీద ఉంది. అది వణకడం మొదలుపెట్టింది. నీరసపు వణుకు, పట్టు లేని వణుకు. నేను ఫోను అందుకునేలోపే పాదం పెడల్ మీది నుంచి జారిపోయింది. ఆ తర్వాత నా కాళ్ళలో బరువు లేదు. ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్ళు లేరు.

బస్సు మెల్లగా వెళ్ళి గోడకు ఆనుకుని ఆగిందట. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన స్టీరింగు మీద వాలిపోయి ఉంటే డిపోవాళ్ళే పరిశోధన కేంద్రానికి తెచ్చారు. నేనూ భువనా ఆటోలో వెళ్ళేసరికి గ్లూకోజు ఎక్కించి కూర్చోబెట్టారు. షుగరు పడిపోయిందన్నారు. పొద్దున రెండొందల తొంభై చూపించిన మనిషికి మధ్యాహ్నానికి నలభై ఎట్లా అయిందని రెహానా గారు తల పట్టుకుంది. చేతి నరంలోంచి రక్తం తీసి మూడు నెలల సగటు చూసింది. అది బాగుంది. బాగుండటం కాదు, పధ్నాలుగేళ్ళలో ఎప్పుడూ అంత బాగా లేదు.

ఆవిడ కాగితం పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది. "పున్నయ్య గారూ, ఇంట్లో మీటరులో పెట్టే రక్తం ఎవరిది?"

ఆయన ఏమీ దాచలేదు. దాచాల్సింది ఉందని ఆయనకు తెలియదు. "ఆవిడదేనండి. నాకు సూదంటే పడదు. పట్టీ ఉందిగా మేడం, ఆవిడది గుచ్చినా నాదే గదా?"

విక్టర్ నేల చూశాడు. భువన నా చెయ్యి పట్టుకుంది, అప్పటికి నాకు ఇంకా అర్థం కాలేదు. రెహానా గారు కాగితం బల్ల మీద పెట్టింది. ఆవిడ మొహంలో వెలుగంతా పోయింది. అది చూశాకే అర్థమైంది.

"పట్టీలో షుగరు రాదమ్మా," అంది చాలా మెల్లగా. "స్పర్శే వస్తది. ఆ అంకెలు మీవి."

నా కాళ్ళ పట్టీలు విక్టర్ విప్పాడు. విప్పగానే ఆయన కాళ్ళు వెళ్ళిపోయాయి. ఇక నా కాళ్ళు వస్తాయని చూశాను. రాలేదు. కింద రెండు చెప్పులున్నాయి, చెప్పుల్లో రెండు పాదాలున్నాయి, అవి ఎవరివో తెలియనట్టు ఉన్నాయి. రెహానా గారు ఆ చువ్వ మోగించి నా బొటనవేలి మీద పెట్టింది. మడమ మీద పెట్టింది. చీలమండ మీద పెట్టింది. "ఏమన్నా తెలుస్తోందా?" అని పెట్టిన చోటల్లా అడిగింది. మోత మాత్రం చెవికి బాగా వినపడింది.

ఇన్నాళ్ళూ నేను ఆయన కాళ్ళతో నడిచాను. నా కాళ్ళు ఎప్పుడు పోయాయో ఆ సందట్లో నాకు తెలియనే లేదు. షుగరు ఎన్నేళ్ళ నుంచి ఉందో చెప్పలేమంది ఆవిడ. సాయంత్రాల మంట ఆయనది కాదు. అది నా నరాలు ఆరిపోతూ పెట్టిన మంట.

ఆవిడ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని నా వేళ్ళ సందులు చూస్తూ కుడి మెట్టె దగ్గర ఆగింది. మెట్టెను కొంచెం పక్కకు జరిపింది. కింద చర్మం లేదు. వెండి కోసుకుపోయి, లోపలంతా నల్లగా ఉంది. వాసన అప్పుడు వచ్చింది. పెళ్ళిలో తొడిగింది మొదలు ఆ మెట్టె నేను తీయలేదు, తీయమన్నవాళ్ళూ లేరు, మొగుడున్న ఆడదాని మెట్టె కింద ఏముందో ఎవరు చూస్తారు?

"విక్టర్," అంది ఆవిడ లేవకుండానే. "మిగతా పదకొండు మందినీ రేపే పిలిపించు. షుగరు వాళ్ళని కాదు. అందుకునే వాళ్ళని."

పదకొండు మందిలో నలుగురికి ఉందని తర్వాత తెలిసింది. మొగుడి బదులు వచ్చిన ఆ చెల్లెలికి కూడా.

నా వేలు తీసేశారు. మెట్టెను కట్టరుతో కత్తిరించి, కడిగి, చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి నర్సు నా చేతిలో పెట్టింది. తీసేటప్పుడు మత్తు ఇచ్చారు గానీ, ఇవ్వకపోయినా తేడా ఉండేది కాదు. ఏడుపు వస్తుందేమో అని చూశాను, అది కూడా రాలేదు. కాళ్ళ నుంచి మొదలైంది పైదాకా పాకిందేమో అనిపించింది.

కట్టు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు రెహానా గారు మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. షుగరు తగ్గకుండానే నరం లేచిందన్న ఆవిడ కొత్త సంగతి వట్టిదని తేలిపోయింది. మనిషి వారంలోనే సగమైంది. అయినా చెప్పాల్సింది చెప్పింది. పట్టీ మాత్రం అబద్ధం కాదు. చక్కెర మానడంతో ఆయన షుగరు తగ్గింది, పట్టీ పనిచేసింది, రెండూ కలిసి ఆయన నరాలు లేచాయి. నా పాదాల్లో ఇంకా కొంచెం ప్రాణం ఉంది. ఇప్పుడే పట్టుకుంటే నిలబెట్టొచ్చు, ఆలస్యమైతే రెండో పాదానికి కూడా ఇదే గతి. జంటపట్టీని తిప్పి కట్టాలి. నా పాదాల పిలుపు ఎవరో ఒకరు అందుకోవాలి.

"నాన్న అందుకోవచ్చా?" అంది భువన.

"అందుకోవచ్చు. ఈసారి ఏడాది పట్టుద్ది. ఆ ఏడాదీ స్టీరింగు ముట్టుకోకూడదు. మీ అమ్మ కాలు అదిరితే ఈయన కాలు అదురుద్ది, బస్సులో అరవై మంది ఉంటారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మీకు కొత్తగా వచ్చిన స్పర్శ పల్చగా ఉంది. ఆవిడ మంట దాని మీద పడితే మీది మీకు తెలవదు. ఏడాది తర్వాత మిగులుద్దో లేదో నేను మాటివ్వలేను."

ఆయనకు అంతకుముందు రోజే డిపోనుంచి కబురు వచ్చింది. కళ్ళు తిరిగింది మాత్రలెక్కువైనందుకేనని ఒప్పుకున్నారు, కాళ్ళ పరీక్షలో నెగ్గాడు. సోమవారం నుంచి మళ్ళీ మాచర్ల రూటు.

భువన మా ఇద్దరి వంకా చూసి, "నేను కట్టుకుంటాలే నాన్నా," అంది.

ఆయన మొహంలో నిమ్మళం కనపడింది. క్షణమే, కానీ కనపడింది. అన్ని రోజుల్లో నాకు మొదటిసారి కోపం వచ్చింది. ఒళ్ళంతా వేడెక్కేంత కోపం.

"వద్దు," అన్నాను. "దాని కాళ్ళు దానియ్యి. పెళ్ళి కాకముందే ఇంకొకరి మంట మొయ్యడం దానికి నేర్పొద్దు."

పట్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చి పంపింది రెహానా గారు. ఆదివారం లోపు ఏదో ఒకటి తేల్చి చెప్పమంది.

ఆ రోజులు ఎట్లా గడిచాయో చెప్పడానికి పెద్దగా లేదు. ఆయన కట్టుకుంటాననీ అనలేదు, కట్టుకోననీ అనలేదు. నాకు మందులు తెచ్చిపెట్టాడు, కట్టు మార్చాడు, నెత్తురు కనపడితే తల తిప్పుకుని మార్చాడు. తన వేలు తనే గుచ్చుకోవడం కూడా నేర్చుకున్నాడు. నేను మిషను దగ్గర కూర్చుంటే కాలు తొక్కుడు బల్ల మీద ఉందో జారిందో వంగి చూసుకోవాల్సి వచ్చేది. వంగి చూస్తే కుట్టు పోయేది. ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో, ఏం తొక్కుతున్నాడో నాకు తెలియదు. ఇల్లు ఖాళీ అయినట్టుండేది. నేను అడిగితే కట్టుకునేవాడేమో. అడక్కుండా తనే అనాలని నా పంతం. డబ్బా అలమరలో అట్లాగే ఉంది.

ఆదివారం సాయంత్రం ఆయన డిపోకు వెళ్ళి రూటు కాగితం తెచ్చుకున్నాడు. పెరట్లో గచ్చు పగలంతా ఎండకు కాలి ఉంది. నేను కుర్చీ వేసుకుని తొట్టి పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన చెప్పులు విడిచి బట్టలుతికే బండ మీదికి వచ్చాడు. బయటినుంచి రాగానే కాళ్ళు కడుక్కోవడం ఉంది కదా, చెంబుతో నీళ్ళు పోశాను.

ఆయన ఆగిపోయాడు.

"చల్లగా ఉందే సామ్రాజ్యం!" చిన్నపిల్లవాడిలా కాలు పైకెత్తి మళ్ళీ దించాడు. "కింద బండ వేడి, పైన నీళ్ళు చల్లన. రెండూ వేరువేరుగా తెలుస్తన్నయ్యి. వేళ్ళ సందులో దిగేది కూడా తెలుస్తంది. ఎన్నేళ్ళయిందే! పొయ్యి, ఇంకా పొయ్యి. నువ్వూ పెట్టి చూడు."

కట్టు లేని కాలు బండ మీద పెట్టాను. నీళ్ళు నా పాదం మీదుగా పోవడం కనపడింది. కనపడటమే. చల్లగా ఉందంటే సరిపోయేది. ఆయన సంతోషపడేవాడు, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేవాడు, నేనూ ఎప్పటిలాగే ఉండేదాన్ని. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"నాకు తెలవట్లేదయ్యా," అన్నాను. "నా పట్టీ నువ్వు కట్టుకో."

ఆయన ముందు నా పాదం చూశాడు. తర్వాత తీగ మీద ఆరుతున్న ఖాకీ చొక్కా చూశాడు. దాన్ని పొద్దున్నే తనే ఉతుక్కుని ఆరేసుకున్నాడు. బండ మీది నీళ్ళు తూములోకి పోతున్నాయి. ఆయన కాలివేళ్ళు రెండు మూడుసార్లు ముడుచుకుని విచ్చుకున్నాయి. ఇంట్లో భువన ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది.

"సరే," అన్నాడు చివరికి. "కట్టుకుంటా. ఇంకొక్క చెంబు పొయ్యి సామ్రాజ్యం, ఆ తర్వాత కడుదువుగాని."

చెంబు ముంచి మెల్లగా పోశాను. అయిపోయాక ఇంకో చెంబు పోశాను. ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.